చొప్ప దిగిన రోజు

తెల్లవారుజామున మూడున్నర. రోహిణి కార్తె ఇంకో రెండు రోజుల్లో వెళ్లిపోతుంది. గౌలిదొడ్డి దాటి వట్టినాగులపల్లి వైపు వెళ్లే దారిలో బండి ఆపి దిగగానే మీకు ముందు తగిలేది వాసన. పచ్చి పెండ, గోలెంలో నానుతున్న పత్తి చెక్క, రాత్రంతా నెమరేసిన బర్రెల వెచ్చటి ఊపిరి. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక రేకుల కొట్టం కనబడుతుంది. ముప్ఫై దాకా బర్రెలు రెండు వరుసల్లో, గాడి వైపు తలలు పెట్టి ఉన్నాయి. ప్రహరీ గోడ అవతల ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మేడలు. ఇంత రాత్రిలోనూ కొన్ని అంతస్తుల్లో లైట్లు వెలుగుతున్నాయి. అక్కడ ఎవరో అమెరికా పగటి వేళకు పని చేస్తున్నారు. ఇక్కడ ఈ కొట్టం నడిపే అమ్మ పాలకు లేచింది.

"దుడ్డెను ఇడువురా," అంటుంది కొడుకుతో.

దుడ్డె ఒక్క దూకులో తల్లి కిందికి చేరుతుంది. పొదుగును మూతితో రెండుసార్లు కుమ్మి, నాలుగు చన్నులనూ మార్చి మార్చి చీకుతుంది. కాసేపటికే దాన్ని లాగి తల్లి మొహం ముందున్న గుంజకు కట్టేస్తారు. తల్లి దాని వీపు నాకడం మొదలుపెడుతుంది. ఇప్పుడు పొదుగు వైపు చూడండి. ఇందాక వదులుగా వేలాడినది బిగిసింది. చన్నులు నిండి నున్నగా మెరుస్తున్నాయి. "చేపింది," అంటుంది అమ్మ. నీళ్లతో పొదుగు కడిగి, మొదటి నాలుగు ధారలు నేల మీదికి పిండి, బకెట్ మోకాళ్ల మధ్య ఇరికించుకుంటుంది. ఖాళీ బకెట్ అడుగున పడే ధార చప్పుడు ఖంగుమంటుంది. పాలు పెరిగే కొద్దీ ఆ చప్పుడు మెత్తబడి, చివరికి నురగలోకి దిగిపోతుంది. ఎన్ని లీటర్లయ్యాయో ఆమె చూడకుండా చెబుతుంది, చప్పుడును బట్టి.

బర్రె పొదుగు తీరు ఆవు పొదుగు లాంటిది కాదు. ఆవుకు సుమారు అయిదో వంతు పాలు పొదుగు కింది భాగంలో సిద్ధంగా నిలిచి ఉంటాయి. బర్రెకు అలా నిలిచేవి నూటికి అయిదు పాళ్లే. మిగతావన్నీ పైన, కంటికి కనిపించనంత చిన్న గదుల్లో దాగి ఉంటాయి. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ నెత్తుట్లోకి వచ్చి ఆ గదులను పిండితేనే కిందికి దిగుతాయి. దుడ్డె మూతి తగిలితే ఆ హార్మోన్ వస్తుంది. నమ్మిన మనిషి చేయి పడితే, రోజూ వినే బకెట్ చప్పుడు వినబడితే వస్తుంది. బెదిరితే ఆగిపోతుంది. దుడ్డెను గాలికి వదిలేసి, తల్లికి సూది పొడిచి చేపించే తబేలాలు పట్నంలో ఉన్నాయి. ఎముకలు తేలిన దుడ్డెలను అలాంటి చోట చూశాను, ఆ రోజు అన్నం సహించలేదు. ఈ అమ్మ కొట్టంలో సూది లేదు. ఒక చన్ను పాలు దుడ్డెకని వదిలేస్తుంది.

ఇవన్నీ ముర్రా జాతివో, ముర్రా రక్తం కలిసినవో. గుండ్రంగా చుట్టుకున్న కొమ్ములు, నిగనిగలాడే నలుపు. ఆ నలుపే ఈ కార్తెలో వీటికి కష్టం. ఎండను పీల్చుకునే చర్మం, ఆవుకంటే బాగా తక్కువ చెమట గ్రంథులు. చెరువులోకి దిగి బురద పూసుకుంటే తప్ప ఒంటి వేడి దిగదు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊరూరా చెరువు ఉండేది కాబట్టి ఆ పని వాటంతట అవే చేసుకునేవి. ఇప్పుడు కొడుకు పగలు మూడుసార్లు పైపుతో కడుగుతాడు. ఎండుమేత కడుపులో పులిసేటప్పుడు కూడా వేడి పుడుతుంది. అందుకే అమ్మ పగటి మేత తగ్గించి, పొద్దు గూకాక గాడి నింపుతుంది. ఏ పుస్తకం చూసి నేర్చుకున్నది కాదు. పుస్తకాలు కూడా అదే చెబుతాయి.

అయిదింటికి క్యాన్లు స్కూటర్‌కు ఎక్కుతాయి. కొడుకు వెనక కూర్చోండి. గౌలిదొడ్డి మీదుగా నానక్‌రాంగూడ వైపు పోతుంటే రాత్రి డ్యూటీ దిగిన క్యాబులు ఎదురొస్తాయి. ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టర్ తీస్తాడు, పేరు, ఫ్లాటు నంబరు, వేళ. పద్దెనిమిదో అంతస్తులో తలుపు తీసిన ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడుతుంది. "నిన్న మీగడ తక్కువ కట్టింది తమ్ముడూ." "పచ్చగడ్డి దొరుకుతలేదక్కా, వాన పడంగనే జూడుర్రి." ఆ ఒక్క మాటలో పాలకూ మేతకూ ఉన్న లంకె అంతా ఉంది. బర్రె పాలలో వెన్న మామూలుగా ఏడు శాతం దాకా ఉంటుంది. ఆ వెన్నకు కావలసిన సరుకు ఎక్కువగా కడుపులో పీచు పులియడం వల్ల వస్తుంది. మంచి పీచు, అంటే మంచి గడ్డి, మంచి చొప్ప, తగినంత పడకపోతే మీగడ మందం తగ్గిపోతుంది.

తిరుగు దారిలో బండి నెమ్మదిగా పోనివ్వమని చెప్పి ఊళ్ల పేర్లు చదవండి. గౌలి అంటే పాడితో బతికే గౌళ్లు, దొడ్డి అంటే పశువులను కట్టే చోటు. గౌలిదొడ్డి అన్న మాట బస్టాపు బోర్డు మీద, కంపెనీ చిరునామాల మీద, ఫుడ్ డెలివరీ యాప్‌లో ఉంది. కాస్త ముందుకు వెళ్తే కంచ గచ్చిబౌలి. కంచ అంటే మన తెలంగాణలో గడ్డికోసం, మేతకోసం వదిలిన నేల. రాళ్లు, గుట్టలు, మోదుగ చెట్లు, రేగు పొదలు, వానాకాలం మోకాలెత్తు గడ్డి. నాగలి దిగని ఆ నేలను ఊరి మందలు మేసేవి. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం వచ్చింది ఇటువైపే, రెండు వేల మూడు వందల ఎకరాల పైచిలుకు నేలలో. 1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అక్కడినుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ఒకదాని తరవాత ఒకటి మారిపోయాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగి చెట్లు కూల్చడం మొదలుపెడితే విద్యార్థులు అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. అప్పుడు టీవీల్లో జింకలు, నెమళ్లు కనబడ్డాయి. కంచ అన్న మాటకు అర్థమేమిటని మాత్రం ఎవరైనా అడిగినట్టు నాకు గుర్తు లేదు.

నేలను మాటతో పిలిచినవాళ్లు దాని పని తెలిసి పిలిచారు. ఇక్కడ ఏడాదికి సగటున ఎనిమిది వందల మిల్లీమీటర్లు, అటూ ఇటూగా వాన పడుతుంది. అందులో ముప్పాతిక భాగం జూన్‌కూ సెప్టెంబర్‌కూ మధ్యనే. మిగిలిన ఎనిమిది నెలలు నేల ఎండుతుంది. చలి దేశాల్లో మంచు కరిగాక నెలల తరబడి పచ్చిక లేస్తుంది, పశువు దాని మీద బతుకుతుంది. మన ఎండల్లో గడ్డి నాలుగు నెలల ముచ్చట. కాబట్టి మన రైతు పాడిని రెండు కాళ్ల మీద నిలబెట్టాడు. వానాకాలం కంచ, ఎండాకాలం చొప్ప. జొన్న కోసి గింజ తాను తిని, కర్ర పశువుకు దాచాడు. ఇప్పుడు కంచ పోయింది. ఒక కాలు విరిగింది. బర్రె ఏడాది పొడవునా కొట్టంలోనే నిలబడి, మొత్తం బరువు చొప్ప మీద మోపింది.

ఆ చొప్ప లారీ ఇవాళ వచ్చింది. మీరు కొట్టం చేరేసరికి ఏడు. లారీ మీద ఇంకో లారీ ఎత్తున మోపులు, తాళ్లతో బిగించి ఉన్నాయి. వ్యాపారి కిందికి దిగి తలగుడ్డ విప్పి దులుపుకుంటున్నాడు. మోపుల మీద పరచిన పట్టాలో తెల్లటి ధూళి. కర్ణాటక దిక్కు నుంచి రాత్రంతా వచ్చాడు.

అమ్మ మాట్లాడదు. ముందు చుట్టూ తిరుగుతుంది. బయటి మోపు ఎవరైనా బాగానే కడతారు కనక లోపలి మోపులోంచి ఒక కర్ర గుంజుతుంది. కణుపు దగ్గర విరుస్తుంది. టక్కున విరిగితే ఎండింది, వంగితే లోపల ఇంకా చెమ్మ ఉంది, బూజు పడుతుంది. విరిగిన చోట బెండు తెల్లగా ఉందా, ఎర్ర మచ్చలున్నాయా అని వెలుతురుకు పెట్టి చూస్తుంది. చిన్న ముక్క పళ్ల మధ్య పెట్టి నమిలి, చప్పరించి, ఉమ్మేస్తుంది. తీపి ఉందో లేదో అది. తరవాత ఆకు. పెళుసై పొడి అయిపోతే పశువు మూతికి అందదు, గాడిలో దుమ్మై మిగులుతుంది. కర్రకు ఆకు అంటుకుని, ఇంకా లేత పసుపు పచ్చగా ఉండాలి. చివరికి మోపును ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటుంది. "పోయిన తాప నల్లవడ్డది దెచ్చినవు. నా బర్రెలు మూతి గూడ పెట్టలే," అంటుంది. "అవ్వా, గది వానల తడ్సింది. ఇది మాల్దండి, రాయచూరు చొప్ప. నువ్వే నములుతున్నవు గదా." బేరం అరగంట నడుస్తుంది. చివరకు కిలో లెక్కన ధర తెగి, మోపులు దిగుతాయి. ఒక్కొక్క మోపు నేల తాకినప్పుడు లేచే దుమ్ములో జొన్న చేను వాసన ఉంటుంది. ముప్ఫై బర్రెలూ ఒక్కసారి తలలు తిప్పుతాయి.

ఆమె చేయి చేసిన ఆ పరీక్ష గుర్తు పెట్టుకోండి. మధ్యాహ్నం మళ్లీ దాని సంగతికి వద్దాం.

ఎనిమిదింటికి పెండ ట్రాలీ బయలుదేరుతుంది. కొట్టం పెండకు ఇక్కడ మంచి గిరాకీ. వట్టినాగులపల్లి అవతల ఆకుకూర మళ్లకు, ఇంకా ముందుకు శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు కూరగాయల, పూల తోటలకు పోతుంది. ట్రాక్టరు వెనక మట్టి రోడ్డు పట్టి దిగితే ఒక్కసారిగా గాలి మారుతుంది. తడి మన్ను, కొత్తిమీర. కిలోమీటరు దూరంలో క్రేన్లు కనబడుతున్నా ఇక్కడ మళ్లున్నాయి. ఇవి మిగలడానికి ఒక కారణం కాగితం మీద ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు పాడవకుండా, వాటికి పది కిలోమీటర్ల లోపు 84 ఊళ్లలో పెద్ద కట్టడాలను ఆపుతూ 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. లక్షా ముప్పై రెండు వేల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. చెరువుల కోసం పెట్టిన ఆంక్ష పట్నం పక్కన పంట పొలాలనూ కాచింది. భూమి ధర చూసి ఆ ఊళ్ల రైతులు పాతికేళ్లు గోడు వెళ్లబోసుకున్నదీ నిజమే. పక్క ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరంలో పాలకూర కట్టలు కట్టడం ఎవరికైనా కడుపుమంటే. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు సడలిస్తూ ప్రభుత్వం మరో ఉత్తర్వు ఇచ్చింది. నాకు ఆ రైతు కోపం అర్థమవుతుంది. ఈ మళ్లు పోతే పట్నం కొత్తిమీర ఇంకెంత దూరం నుంచి వాడిపోతూ రావాలో అన్న బెంగ కూడా పోదు.

మడి గట్టు మీద కూర్చుని చూడండి. ఒక అక్క గోనె మీద ధనియాలు పోసి, ఇటుక ముక్కతో మెల్లగా రుద్దుతోంది. ఒక ధనియంలో రెండు బద్దలుంటాయి, రెండింటికీ వేరు వేరు మొలకలు. పగలగొట్టి చల్లితే మొలక త్వరగా, ఒత్తుగా వస్తుంది. గట్టిగా రుద్దితే మొలక చస్తుంది. ఇటుక మీద ఆమె వేళ్ల బరువు ఎంతో చూడండి. చపాతీ ఒత్తేటంత కూడా లేదు. పైన పచ్చటి షేడ్ నెట్ కట్టారు. దాని కింద అడుగు పెట్టగానే ఎండ సగమవుతుంది. కొత్తిమీర చలికాలపు పంట. ఈ వేడిలో సరిగా మొలవదు, మొలిచినా ఆకు పట్టక ముందే పువ్వుకు పోతుంది. అందుకే మే నెలలో కట్ట ధర ఎగురుతుంది, ఆ ధర కోసమే ఈ అక్క నెట్ కొనింది. పక్క మడిలో తోటకూర, పుంటికూర నెట్ లేకుండానే తలెత్తి నిలబడ్డాయి. అవి ఈ ఎండలోనే పుట్టి పెరిగిన జాతులు. టమాట మడి మాత్రం దిగాలుగా ఉంది. రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూత పిందె కట్టదు, రాలిపోతుంది. "మిరుగు జొరవడ్డంక మల్ల పూత నిలుస్తది," అంటుంది. మృగశిర అని పంచాంగంలో ఉన్నది ఆమె నోట మిరుగు.

ట్రాలీ పెండ మడి పక్కన కుప్ప పడింది. పోయిన ఏడాది కుప్ప మాగి, నల్లగా, చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా, వాన పడ్డ మన్ను వాసన వేస్తోంది. ఈ ఎర్ర చెల్క నేల నీటిని ఎక్కువసేపు పట్టుకోదు. దాన్ని పట్టుకునేలా చేసేది ఈ ఎరువే. ఉష్ణమండలంలో వేడికి మట్టిలోని సేంద్రియం త్వరగా కరిగిపోతుంది. ఏటా వేయాలి, ఏటా వేసినా నిలవ ఉండదు. అంటే ఈ అక్క మడికి పక్కన బర్రెలుండాలి. బర్రెలకు చొప్ప ఉండాలి.

పదిన్నరకల్లా ఎండ నెత్తిన పడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పటాన్‌చెరుకు అరగంట. తెల్లాపూర్, కొల్లూరు మేడలు దాటాక, ముంబై హైవే పక్కన పొడుగాటి గోడ. అదే ఇక్రిశాట్, అర్ధ శుష్క ఉష్ణమండల పంటల కోసం 1972లో పెట్టిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి. వాన తక్కువ పడే దేశాల పేద రైతులు నమ్ముకున్న పంటలు. గోడ లోపల దాదాపు 1,400 హెక్టార్లు. అనుమతి తీసుకుని లోపలికి వెళ్తే ముందు నిశ్శబ్దం, తరవాత నెమళ్ల అరుపు. ఈ చోటు ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. ఒక పక్క ఎర్ర నేల, ఒక పక్క నల్లరేగడి, ఒకే ఆవరణలో. ఇండియాలోనే కాదు, ఆఫ్రికాలోనూ కోట్ల మంది మెట్ట రైతులు దున్నేవి ఇలాంటి నేలలే.

రేగడి మడిలోకి దిగండి. రోహిణి ఎండకు నేల పగుళ్లిచ్చింది. ఒక పగులులోకి చేయి పెడితే మణికట్టు దాకా వెళ్తుంది. పైన కాలుతోంది, లోపల చల్లగా ఉంది. తొలివాన ఆ పగుళ్లలోంచే అడుగుకు దిగుతుంది. తరవాత మన్ను ఉబ్బి మూసుకుపోతుంది, అడుగు పెడితే కాలు ఇరుక్కునేంత బంకగా అవుతుంది. అందుకే పాత రోజుల్లో రేగడి రైతు వానాకాలమంతా నేలను ఖాళీగా వదిలి, చలికాలం జొన్నో శనగో వేసేవాడు. 1976 నుంచి ఇక్కడ ఒక చిన్న పరీవాహక క్షేత్రంలో ఆ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి ఏటా తూకం వేస్తున్నారు. ఒక పక్క పాత పద్ధతి. ఇంకో పక్క వెడల్పాటి బోదెలు, మధ్యలో కాలువలు, వానకు ముందే పొడి నేలలో విత్తనం, జొన్నతో పాటు కంది. పాత పద్ధతిలో ఏడాదికి హెక్టారుకు టన్ను గింజ దాకా వచ్చింది. కొత్తదానిలో దశాబ్దాల సగటు అయిదు టన్నుల దగ్గర నిలిచింది. వాన ఒకటే, నేల ఒకటే.

మనం వచ్చిన పని మాత్రం గింజ కాదు, కర్ర. 1964లో దేశంలో తొలి సంకర జొన్న సీఎస్‌హెచ్–1 విడుదలైంది. పొట్టి మొక్క, ఎక్కువ గింజ. చలికాలపు రేగడి జొన్న పండించే రైతులు మాత్రం అలాంటి సంకరాల వైపు మొగ్గలేదు, ఎత్తుగా పెరిగే పాత మాల్దండినే పట్టుకుని కూర్చున్నారు. కొత్తది రైతుకు రుచించలేదని, వెనకబడ్డాడని అనుకున్నవాళ్లున్నారు. రైతు లెక్క వేరు. అతని ఇంట్లో తినే నోళ్లు రెండు రకాలు. ఈ ఆవరణలోనే ఉన్న అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన మైఖేల్ బ్లూమెల్, ఇక్రిశాట్ అర్థశాస్త్రజ్ఞుడు పి. పార్థసారథి రావు 2000ల నడుమ హైదరాబాద్‌లో చొప్ప వ్యాపారుల వెంట నెలల తరబడి తిరిగారు. రాయచూరు చొప్ప, రాయలసీమ చొప్ప, తెలంగాణ చొప్ప అని వ్యాపారులు వేరు చేసి అమ్మే సరుకు నుంచి నమూనాలు తెచ్చి పరీక్షించారు. పశువు కడుపులో అరిగే భాగం కొన్నింటిలో 47 శాతం ఉంది, కొన్నింటిలో 52. కేవలం అయిదు పాళ్ల తేడా. ఆ తేడాకు బజారులో ధర సుమారు పాతిక శాతం పెరిగింది. కొనేవాళ్ల దగ్గర ఏ యంత్రమూ లేదు. పొద్దున మీరు చూసిన చేయి ఉంది, విరిచి, వెలుతురుకు పెట్టి, నమిలి, వాసన చూసిన చేయి. ల్యాబ్ చెప్పిన అంకెకూ ఆ చేయి చెప్పిన ధరకూ పొత్తు కుదిరింది.

ఆ సంగతి చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. ఒక నిరక్షరాస్యురాలి పళ్ల మధ్య అయిదు శాతం తేడా పట్టుబడుతుంది!

దానివల్ల పని కూడా జరిగింది. చొప్పకు ధర ఉందని తేలాక గింజతో పాటు కర్రనూ చూసి రకాలు ఎంచడం మొదలైంది. కర్రను పొడి చేసి, దాని మీద పరారుణ కాంతి వేసి, తిరిగి వచ్చే వెలుగును బట్టి ఎంత అరుగుతుందో కొద్ది నిమిషాల్లో చెప్పే యంత్రాలు వచ్చాయి. గింజ దిగుబడి తగ్గకుండానే మంచి చొప్ప ఇచ్చే రకాలు ఉన్నాయని తెలిసింది. కంకి వేశాక నేల ఎండినా ఆకు పచ్చగానే నిలిచే గుణం ఒకటి జొన్నలో ఉంది. దాన్ని మంచి రకాల్లోకి తెచ్చే పని చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఆ ఆకు పచ్చదనమే పొద్దున అమ్మ వేళ్లు వెతికింది.

కానీ మన దగ్గర జొన్న చేనే తరిగిపోయింది. దాని చోట పత్తి, మక్క, నీళ్లున్న చోట వరి. వరిగడ్డిలో ఇసుకలో ఉండేలాంటి సిలికా ఎక్కువ, అరిగేది తక్కువ. యంత్రంతో కోశాక చుట్టలు చుట్టి తెచ్చే ఆ గడ్డి చవక. కొట్టంలో ఒక మూల అవీ ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. అమ్మ చొప్పలో కలిపి వేస్తుంది. తాండూరు పప్పు మిల్లుల కందిపొట్టు, పత్తి చెక్క, తవుడు దానికి తోడు. హోటళ్ల వాళ్లు మిగిలిన అన్నం ఊరికే ఇస్తామన్నా తీసుకోదు. అన్నం ఎక్కువైతే కడుపులో పులుపు పెరిగి బర్రె కూలబడుతుంది. ఒకసారి అలా ఒక పడ్డను పోగొట్టుకుంది. ఆ సంగతి అడిగితే మాట మారుస్తుంది.

నాలుగున్నరకు తిరిగి గౌలిదొడ్డి. పడమట ఆకాశం రాగి రంగు తిరిగింది. గాలి ఆగిపోయింది. ఒళ్లంతా జిడ్డు. కొట్టంలో బర్రెలు నోళ్లు తెరిచి ఒగరుస్తున్నాయి. కొడుకు పైపు పట్టుకుని ఒక్కొక్కదాని వీపు తడుపుతున్నాడు. నీళ్లు పడ్డ చోట నల్లటి చర్మం వణుకుతుంది, బర్రె కళ్లు మూసుకుంటుంది. పొద్దున దిగిన మోపులు ఇంకా ఆరుబయటే ఉన్నాయి, సగమే లోపలికి చేరాయి.

మొదటి ఉరుము దూరంగా, గండిపేట వైపు. అమ్మ తలెత్తి చూడలేదు కూడా. "పట్టా తేర్రా!" ఆ కేకకు మీరు కూడా లేచి నిలబడతారు. నీలం పట్టా ఒక కొస మీ చేతికి వస్తుంది. గాలి లేచింది, ధూళి కళ్లలో పడుతోంది, పట్టా చేతిలో తెరచాపలా ఎగురుతోంది. మోపుల మీదికి లాగి, కొసకో రాయి పెట్టి, తాడు కింద నుంచి దూర్చి బిగిస్తున్నారు. "ఇటు గుంజు బిడ్డా, ఇటు! అడుగు నుంచి నీళ్లు బోతయి, గా కట్టెలెయ్యి కింద." చొప్ప తడిస్తే బూజు. బూజు పట్టిందంటే పోయిన తాపలాగే. రాయచూరు నుంచి తెచ్చిన సరుకు, కిలో లెక్కన డబ్బు పోసిన సరుకు. చినుకులు లావుగా, దూరం దూరంగా పడుతున్నాయి. రేకుల మీద ఒక్కొక్కటీ లెక్క పెట్టగలిగేలా. ఆఖరి ముడి పడేసరికి ఏకధారగా కురుస్తోంది. కరెంటు పోయింది. గోడ అవతల మేడలు మాత్రం అలాగే వెలుగుతున్నాయి.

పాల వేళ దాటిపోతోంది. సెల్‌ఫోన్ లైటు రేకు సందులో ఇరికించి, అమ్మ పొద్దుటి బర్రె దగ్గరే కూర్చుంటుంది. దుడ్డెను విడిచారు. అది కుమ్మింది, చీకింది. పొదుగు వదులుగానే ఉంది. ఇంకో ఉరుము, ఈసారి నెత్తిమీదే. బర్రె చెవులు వెనక్కి పెట్టి, తలుగు బిగిసేలా వెనక్కి జరిగింది. చేపలేదు. కొడుకు ఏదో అనబోతే అమ్మ చేయి చూపి ఆపింది. బకెట్ పక్కన పెట్టింది. లేచి, కొత్త మోపులోంచి నాలుగు కర్రలు, ఆకు నిండుగా ఉన్నవి ఏరి తెచ్చి, గాడిలో వేయకుండా తన చేత్తోనే బర్రె మూతికి అందించింది. రెండో చేత్తో మెడ నిమురుతూ ఏదో గొణుగుతోంది. వాన చప్పుడులో ఆ మాట మీకు వినబడదు.

బర్రె ముందు వాసన చూసింది. నాలుక చాపి ఆకు కొస అందుకుంది. కర్ర కణుపు దగ్గర విరిగిన చప్పుడు, తరవాత దవడలు మెల్లగా కదిలే చప్పుడు. దుడ్డె మళ్లీ కుమ్మింది. అమ్మ వంగి, వేళ్లతో పొదుగు తాకి చూసి, బకెట్ ఇమ్మని మీ వైపు చేయి చాపింది.